నాటో ఉండగా మళ్లీ ఈ పది దేశాల జెఫ్ ఎందుకసలు?

మంచుదారి:

అందరికీ నమస్తే. బేసిక్ డౌటే అయ్యుండొచ్చు, తిట్టకండి. కొన్నాళ్లుగా బాల్టిక్ సముద్రంలో కేబుళ్లు తెగడం, ఎస్టోనియా గగనతలంలోకి రష్యా మిగ్ విమానాలు రావడం, ఇలాంటి వార్తలు చదువుతున్నా. చదివేకొద్దీ క్లారిటీ రావాల్సింది పోయి ఇంకా గజిబిజి అవుతోంది. అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో ఉంది, సరే. దాని పక్కనే బ్రిటన్ నడిపే జాయింట్ ఎక్స్‌పెడిషనరీ ఫోర్స్ అట, పొట్టిగా జెఫ్ అంటున్నారు. నార్డిక్ దేశాలు ఐదింటికీ (ఫిన్‌లాండ్, స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్) విడిగా 2009 నుంచి నార్డెఫ్‌కో అనే రక్షణ సహకార ఏర్పాటు అట. సముద్రం మీద కాపలాకి నాటో వాళ్లది బాల్టిక్ సెంట్రీ, జెఫ్ వాళ్లది నార్డిక్ వార్డెన్, రెండూ 2025 జనవరిలోనే మొదలయ్యాయి. చూస్తే దేశాలేమో తిప్పితిప్పి అవే. ఒకే ఇంటికి నలుగురు వాచ్‌మెన్‌లని పెట్టి నలుగురికీ నాలుగు రంగుల యూనిఫాం కుట్టించినట్టుంది నాకైతే.

ఇంకోటి, ఎస్టోనియాలో బ్రిటన్ వాళ్లు ఓ వెయ్యి చిల్లర మందిని, లిథువేనియాలో జర్మనీ వాళ్లు కొన్ని వేలమందిని పెడితే రష్యా అంతటి దేశం నిజంగా ఆగిపోతుందా, లేక ఇదంతా ఫొటోలకేనా? అన్నట్టు ఐస్‌లాండ్‌కి అసలు సైన్యమే లేదు కదా, అది ఈ జెఫ్‌లో కూర్చుని ఏం చేస్తుంది? తెలిసినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి, వికీ లింకులు వద్దు ప్లీజ్, అవి చూసే ఇక్కడికొచ్చా.

గట్టుమీద గోపి:

పదిమందిలో పాము చావదు అంటారు కదండీ, మీ మొదటి ప్రశ్నకి సగం జవాబు అదే. కాకపోతే తమాషా ఏంటంటే జెఫ్‌లో ఉన్నది సరిగ్గా పదిమందే, పాము చావని చోటు మాత్రం ముప్పై రెండు మందున్న నాటో.

నాటోలో ఓటింగ్ ఉండదు. అందరూ సరే అనాలి, ఒక్కరు తల అడ్డంగా ఊపినా ఫైలు అక్కడే ఆగుతుంది. స్వీడన్ సంగతే చూడండి. ఫిన్‌లాండ్, స్వీడన్ 2022 మేలో ఒకే రోజు అప్లికేషన్ ఇచ్చాయి. ఫిన్‌లాండ్‌కి 2023 ఏప్రిల్ 4న తలుపు తీశారు, స్వీడన్ మాత్రం టర్కీ, హంగేరీ ఒప్పుకునేదాకా బయట నిలబడి నిలబడి 2024 మార్చి 7న లోపలికొచ్చింది. ఒక దేశాన్ని చేర్చుకోడానికే ఇంత టైం పడితే, రేపు రాత్రి పన్నెండింటికి ఎవడో బాల్టిక్‌లో గ్యాస్ పైపు మీద లంగరు వేసి ఈడ్చుకుపోతున్నాడు ఏం చేద్దాం అంటే ముప్పై రెండు రాజధానులూ లేచి కళ్లు నులుముకుని సరే అనేదాకా ఎవరాగుతారు?

జెఫ్ ఈ తలనొప్పి లేకుండా కట్టుకున్నది. వచ్చేవాళ్లు వస్తారు, రానివాళ్లు రారు, రానివాళ్లు వచ్చేవాళ్లని ఆపలేరు. బ్రిటన్‌తో పాటు ఇంకో దేశం సై అన్నా పని మొదలెట్టొచ్చు. ఆలోచన 2012లో బ్రిటన్ సైన్యాధిపతి నోటి నుంచి వచ్చింది. 2014లో వేల్స్‌లో జరిగిన నాటో సమావేశంలో ఏడు దేశాలు సంతకం పెట్టాయి: బ్రిటన్, డెన్మార్క్, నార్వే, నెదర్లాండ్స్, ఇంకా బాల్టిక్ దేశాలు మూడూ (ఎస్టోనియా, లాట్వియా, లిథువేనియా). అదే సంవత్సరం ఉక్రెయిన్ చేతిలోంచి క్రిమియా రష్యాకి పోయిందని గుర్తుంచుకోండి, సంతకాలు ఊరికే పడలేదు. 2017లో ఫిన్‌లాండ్, స్వీడన్ చేరాయి, 2021లో ఐస్‌లాండ్. హెడ్‌క్వార్టర్స్ లండన్ పక్కన నార్త్‌వుడ్‌లో.

ఇక్కడ చాలామంది గమనించనిదొకటుంది. 2017 నాటికి ఫిన్‌లాండ్, స్వీడన్ నాటోలో లేవు, చేరే ఉద్దేశం కూడా పెద్దగా లేదు. అయినా ఈ గుంపులో కలిసి విన్యాసాలు చేశాయి, ఒకళ్ల రేడియోలు ఇంకొకళ్లవాటితో మాట్లాడేలా చేసుకున్నాయి, ఆఫీసర్లు ఒకళ్లనొకళ్లు పేర్లు పెట్టి పిలుచుకునే స్థాయికొచ్చారు. తర్వాత 2022లో గబుక్కున నాటోలోకి రావాల్సొచ్చినప్పుడు కొత్త పెళ్లికూతురు అత్తారింట్లో బిక్కుబిక్కుమన్నట్టు అవ్వలేదు, వంటింట్లో ఏ డబ్బా ఎక్కడుందో అప్పటికే తెలుసు వాళ్లకి. అప్లికేషన్‌కి కొద్ది రోజుల ముందు, మే 11న, బ్రిటన్ ప్రధాని బోరిస్ జాన్సన్ స్వయంగా వెళ్లి రెండు దేశాలతోనూ ఆపదొస్తే సాయానికొస్తామని విడివిడిగా సంతకాలు చేసొచ్చాడు. నాటో గొడుగు ఇంకా తెరుచుకోని ఆ మధ్యకాలానికి అదో చిన్న గొడుగన్నమాట.

కాబట్టి నలుగురు వాచ్‌మెన్‌లు కాదండీ. నాటో అనేది పెద్ద గేటు, తాళాలగుత్తి, పోలీసు కంప్లైంట్ అన్నీ ఉన్న వ్యవస్థ. జెఫ్ ఏమో చప్పుడు వినగానే టార్చిలైట్ పట్టుకుని బయటికొచ్చే పక్కింటివాళ్లు. ఐస్‌లాండ్ గురించి ఇంకెవరైనా చెప్తారు, నా చేతులు నొప్పెడుతున్నాయి.

ఇనపపట్టా:

గోపిగారు చెప్పింది బాగుంది కానీ రెండో ప్రశ్న వదిలేశారు, అసలు విషయం అక్కడే ఉంది.

వెయ్యి మంది రష్యాని ఆపుతారా అంటే ఆపరు. ఆపడానికి పెట్టలేదు కూడా, కనీసం మొదట్లో. 2016లో వార్సా నాటో సమావేశంలో అనుకుని 2017లో నాలుగు చోట్ల దళాలు దింపారు. ఎస్టోనియాలో టాపా దగ్గర బ్రిటన్, లాట్వియాలో ఆదాజీ దగ్గర కెనడా, లిథువేనియాలో రుక్లా దగ్గర జర్మనీ, పోలండ్‌లో ఓజిష్ దగ్గర అమెరికా నాయకత్వం. దీన్ని ట్రిప్‌వైర్ అంటారు, అంటే దారికి అడ్డంగా కట్టిన తీగ. తీగ ఎవర్నీ ఆపదు, కాలు తగిలితే గంట మోగిస్తుంది అంతే. రష్యా సైనికుడు టాపా దాకా వస్తే ఎస్టోనియా వాడితో పాటు బ్రిటన్ వాడు, ఫ్రాన్స్ వాడు కూడా చస్తారు, అప్పుడు లండన్, పారిస్ మాకేం సంబంధం అనలేవు. లెక్క అది. వినడానికి కర్కశంగా ఉంటుంది, ఉన్నమాట అదే.

ఈ లెక్క బాల్టిక్ వాళ్లకి నచ్చలేదు, ఎందుకు నచ్చుతుంది. 2022లో అప్పటి ఎస్టోనియా ప్రధాని కాయా కలాస్ బయటికే చెప్పేసింది, ఉన్న నాటో ప్లాన్ ప్రకారం మా దేశం ముందు చేజారిపోతుంది, 180 రోజుల తర్వాత వచ్చి విడిపిస్తారు, అప్పటికి మా రాజధాని టాలిన్ పాతబస్తీ మ్యాప్‌లో ఉండదు అని. ఉక్రెయిన్‌లోని బుచాలో రష్యా సైన్యం జనాన్ని ఎలా చంపిందో చూశాక 180 రోజులు అన్న మాటకి అర్థమే మారిపోయింది. ఇల్లు కాలాక నీళ్ల ట్యాంకర్ తెస్తాం అంటే ఎవరూరుకుంటారు. అందుకే ఇప్పుడు ఆలోచన మారింది, తర్వాత వచ్చి విడిపించడం కాదు, అసలు ఒక్క అడుగు కూడా పెట్టనివ్వకూడదు అని. మాడ్రిడ్‌లో 2022 నాటో సమావేశంలో ఆ మాటన్నారు, విల్నియస్‌లో 2023లో ప్రాంతాలవారీగా ప్లాన్లు ఒప్పుకున్నారు. జర్మనీ ఏకంగా ఒక బ్రిగేడ్ని, దాదాపు 5,000 మందిని, లిథువేనియాలో పర్మనెంట్‌గా కాపురం పెట్టిస్తోంది, 2027కల్లా పూర్తి స్థాయికి రావాలి. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జర్మనీ ఇలా పరాయి దేశంలో బ్రిగేడ్ని శాశ్వతంగా పెట్టడం ఇదే మొదటిసారి. పెళ్లాంపిల్లలతో సహా వెళ్లి అక్కడే స్కూళ్లలో చేరుస్తున్నారంటే అది ఫొటో కోసం కాదు కదా.

కానీ నా అసలు కంప్లైంట్ ఇంకోటి, పేరు చూస్తే మీకు అర్థమయ్యే ఉంటుంది. జనం ట్యాంకులు లెక్కపెడతారు, పట్టాలు ఎవరూ చూడరు. యూరప్‌లో ఎక్కువ చోట్ల రైలు పట్టాల మధ్య దూరం 1,435 మిల్లీమీటర్లు. బాల్టిక్ దేశాల్లో 1,520, ఫిన్‌లాండ్‌లో 1,524, జార్ చక్రవర్తుల కాలం నాటి కొలత. జర్మనీ నుంచి ట్యాంకులు ఎక్కించుకుని బయల్దేరిన రైలు లిథువేనియాలో కౌనాస్ దాటి ముందుకెళ్లాలంటే సరుకంతా ఇంకో బండికి మార్చుకోవాలి. రష్యా రైలుకి ఆ బాధ లేదు, వాళ్లది అదే గేజ్. ఈ ఒక్క ముక్క చాలు కూటమి ఎంత పెద్దదన్నది కాదు ఎంత త్వరగా చేరుకుంటుందన్నది లెక్క అని తెలియడానికి. దీనికోసమే రైల్ బాల్టికా అని టాలిన్ నుంచి పోలండ్ సరిహద్దు దాకా 870 కిలోమీటర్లు కొత్త లైన్ వేస్తున్నారు, 2030 టార్గెట్, ఖర్చు పెరుగుతూనే ఉంది, చూడాలి. ఆ పైన పోలండ్‌కీ లిథువేనియాకీ మధ్య సువాల్కీ అని ఓ సన్నటి మెడలాంటి చోటు, సుమారు 65 కిలోమీటర్లు, ఒక పక్క రష్యాదే అయిన కలినిన్‌గ్రాడ్, ఇంకో పక్క రష్యా మిత్రదేశం బెలారస్. బాల్టిక్ దేశాలకి నేలమీద ఉన్న దారి అదొక్కటే. ఆ మెడ పట్టుకుంటే మిగతాది చెప్పక్కర్లేదు.

హెల్సింకీ చలికోటు:

నేను హెల్సింకీలో ఆరేళ్లుగా ఉంటున్నా, ఐటీ ఉద్యోగం, మిలిటరీతో నాకేం సంబంధం లేదు, కానీ ఇక్కడ ఉంటే ఇవన్నీ దానంతటవే చెవిలో పడతాయి. కేబుళ్ల సంగతి నేను చెప్తా ఎందుకంటే 2024 క్రిస్మస్ రోజు జరిగింది నాకు బాగా గుర్తు. ఊరంతా నిశ్శబ్దంగా ఉంది, ఫోన్లో చూస్తే ఎస్ట్‌లింక్ 2 ఆగిపోయిందని వార్త. ఫిన్‌లాండ్‌కీ ఎస్టోనియాకీ మధ్య సముద్రం అడుగున వెళ్లే కరెంటు కేబుల్ అది, 650 మెగావాట్లు. దాంతో పాటు డేటా కేబుళ్లు కూడా తెగాయి. ఈగిల్ ఎస్ అని కుక్ ఐలాండ్స్ జెండా వేసుకున్న ఆయిల్ ట్యాంకరు, రష్యా నుంచి పెట్రోలు నింపుకుని వస్తూ లంగరు కిందకి వదిలేసి దాదాపు 90 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ పోయిందని ప్రాసిక్యూషన్ వాదన. మరుసటి రోజే ఫిన్‌లాండ్ వాళ్లు హెలికాప్టర్లో ఓడ మీదకి దిగి పట్టుకున్నారు, ఇక్కడివాళ్లు ఎంత గర్వపడ్డారో చెప్పలేను, మామూలుగా వీళ్లు దేనికీ ఎక్సైట్ అవ్వరు.

తర్వాతేమైంది? 2025 అక్టోబర్లో హెల్సింకీ జిల్లా కోర్టు కేసు కొట్టేసింది. తప్పు చెయ్యలేదని కాదు, జరిగింది మన సముద్ర జలాల్లో కాదు కాబట్టి మనకి విచారించే అధికారం లేదు అని. చూడండి ఎంత విచిత్రమో, కేబుల్ మనది, నష్టం మనది, ఓడని పట్టుకున్నది మనమే, కానీ శిక్ష వెయ్యాల్సింది ఎక్కడో పసిఫిక్‌లో ఉన్న జెండా దేశం, లేదా సిబ్బంది ఏ దేశస్తులో ఆ దేశం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు దాటితే చట్టం పల్చబడిపోతుంది, తుంటరి పనులు చేసేవాడికి అదే కావాలి.

అంతకుముందు 2023 అక్టోబర్ 8న ఫిన్‌లాండ్‌కీ ఎస్టోనియాకీ మధ్య ఉన్న బాల్టిక్ కనెక్టర్ గ్యాస్ పైపు ఇలాగే పోయింది, హాంకాంగ్ జెండా ఓడ న్యూన్యూ పోలార్ బేర్, పైపు పక్కనే దాని లంగరు సముద్రం అడుగున దొరికింది. యాక్సిడెంటే అని తర్వాత చైనా వాళ్లన్నారు. నిజంగా యాక్సిడెంటో కాదో తేల్చడమే కష్టం, ఆ కష్టమే ఇందులో అసలు ఆయుధం. యుద్ధం అని పేరు పెట్టలేం, ఒకరి మీద దాడి అందరి మీదా దాడే అనే నాటో అయిదో ఆర్టికల్ దాకా తీసుకెళ్లలేం, అలాగని ఊరుకోలేం.

ఇక్కడే గోపిగారు చెప్పిన టార్చిలైట్ పనికొస్తుంది. బాల్టిక్ కనెక్టర్ దెబ్బతిన్న నెలన్నరకే, 2023 నవంబర్లో, జెఫ్ రక్షణమంత్రులు కూర్చుని నౌకలు, విమానాలు పంపాలని డిసైడ్ చేశారు, జెఫ్‌ని అలా నిజంగా రంగంలోకి దింపడం అదే మొదటిసారి. తర్వాత నార్డిక్ వార్డెన్‌లో ఏం చేస్తున్నారంటే ప్రతి ఓడ తన పొజిషన్ పంపే సిగ్నల్ తీసుకుని, 22 ముఖ్యమైన చోట్లలో ఏ ఓడ అనుమానంగా నెమ్మదిస్తోంది, ఏది తిరిగిన చోటే తిరుగుతోంది అని ఏఐతో చూసి వార్నింగ్ ఇస్తారు. ఆ ఓడకి మైక్‌లో నీ మీద ఓ కన్నుంది నాయనా అని చెప్తే చాలు చాలాసార్లు. లంగరు అనుకోకుండా జారింది అనడానికి ఛాన్స్ తగ్గిపోతుంది కదా. సాక్షి ఉన్నాడని తెలిసినప్పుడు దొంగ చెయ్యి కాస్త వణుకుతుంది, నాకు అర్థమైనంతవరకు సముద్రం మీద డిటరెన్స్, అంటే తప్పు చెయ్యకుండా ముందే జంకేలా చెయ్యడం, అంటే అదే.

మంచుదారి:

వామ్మో ఇంత వివరంగా చెప్తారనుకోలేదు, ముగ్గురికీ థాంక్స్. ట్రిప్‌వైర్ ముక్క చదివాక కాసేపు ఏదోలా అనిపించింది. సరే కానీ ఇంకో డౌట్. జెఫ్ లిస్ట్ చూస్తే అమెరికా లేదు, జర్మనీ లేదు, పోలండ్ లేదు, ఫ్రాన్స్ లేదు. అసలు బలమున్నవాళ్లందరూ బయటుంటే ఇదేం బలగం? బ్రిటన్ రెగ్యులర్ ఆర్మీయే 75 వేల లోపు అంటున్నారు.

ఎదురుగాలి:

అదీ ప్రశ్న అంటే. ఇప్పటిదాకా అందరూ ఒకే పాట పాడారు, కొంచెం ఎదురు పాడతా.

రష్యా వైపు నుంచి చూడండి ఒకసారి. 2022కి ముందు నాటోతో వాళ్ల సరిహద్దు ఎంత, ఇప్పుడెంత? ఒక్క ఫిన్‌లాండే 1,340 కిలోమీటర్లు కలిపింది. బాల్టిక్ సముద్రం చుట్టూ సెయింట్ పీటర్స్‌బర్గ్ మూల, కలినిన్‌గ్రాడ్ తప్ప అంతా నాటో తీరమే అయిపోయింది. దానికి జవాబుగా వాళ్లు 2024లో లెనిన్‌గ్రాడ్ మిలిటరీ డిస్ట్రిక్ట్‌ని మళ్లీ పెట్టారు. అది చూసి వీళ్లు ఫిన్‌లాండ్‌లో మిక్కేలి ఊళ్లో నాటో కమాండ్ పెట్టారు. ఫిన్‌లాండ్, పోలండ్, బాల్టిక్ మూడూ కలిసి మందుపాతరలు నిషేధించే ఒట్టావా ఒప్పందం నుంచి బయటికొచ్చేశాయి, ఒకప్పుడు ఎంత గొప్పగా చెప్పుకున్న ఒప్పందం అది! నేను గోడ ఎత్తు పెంచా కాబట్టి నువ్వు నిచ్చెన పొడవు పెంచు అన్నట్టుంది. రక్షణ కోసం చేసిందే అవతలివాడికి దాడికి సన్నాహంలా కనపడుతుంది, ఈ చక్రం ఎక్కడ ఆగుతుంది? 2025 హేగ్ నాటో సమావేశంలో 2035కల్లా జీడీపీలో 5 శాతం అన్నారు, అందులో అసలు సైన్యానికి 3.5, మిగతాది రోడ్లు వంతెనలు సైబర్ వగైరా. ఆ డబ్బు ఎక్కడో ఓ ఆసుపత్రి నుంచే వస్తుంది.

పుతిన్‌ని సమర్థిస్తున్నా అనుకోకండి, ఉక్రెయిన్ మీద దాడి దురాక్రమణే. కానీ కూటమి పెరిగితే శాంతి పెరుగుతుంది అని లెక్కల పుస్తకంలో సూత్రంలా చెప్పొద్దు.

గట్టుమీద గోపి:

ఎదురుగాలిగారూ మీరు చెప్పిన చక్రం నిజమే, కాదనను. కానీ ఒక చోట మీ లెక్క తప్పుతోంది. ఫిన్‌లాండ్ 1948 నుంచి దశాబ్దాల తరబడి మాస్కోని నొప్పించకుండా నడిచింది, స్వీడన్ రెండొందల ఏళ్లు ఏ కూటమిలోనూ చేరలేదు. గోట్లాండ్ దీవి, బాల్టిక్ నడిబొడ్డున ఉంటుంది, అక్కడున్న రెజిమెంట్‌నే 2005లో ఎత్తేసింది స్వీడన్, 2010లో నిర్బంధ సైనికశిక్షణ కూడా ఆపేసింది. అంటే గోడ కూల్చి చూశారు. కూల్చాక అటువైపు నిచ్చెన పొట్టి అయ్యిందా? క్రిమియా వచ్చింది. అప్పుడు గోట్లాండ్‌కి సైనికులు తిరిగొచ్చారు, 2017లో శిక్షణ తిరిగొచ్చింది. తర్వాత 2022లో కీవ్ మీద దాడి వచ్చింది. వీళ్లని నాటోలోకి తోసింది నాటో కాదు.

రెండోది, గోడ ఎంత ఎత్తు కట్టాలో ఆలోచించి కట్టినవాళ్లూ ఉన్నారు. నార్వే 1949లో నాటో పుట్టినప్పటి నుంచీ అందులో ఉంది, రష్యాతో 198 కిలోమీటర్ల సరిహద్దు కూడా ఉంది, కానీ శాంతికాలంలో పరాయి సైన్యాల శాశ్వత స్థావరాలు మా నేల మీద వద్దు అని అప్పటినుంచే, అణ్వాయుధాలు వద్దు అని 1950ల చివరి నుంచీ చెప్పుకుంది. సరిహద్దు పక్కనే మిత్రదేశాల విన్యాసాలకీ హద్దులు పెట్టింది. ఎందుకంటే ఆ పక్కనే కోలా ద్వీపకల్పం, రష్యా అణు జలాంతర్గాములుండే చోటు, అక్కడ అనవసరంగా గిల్లితే ఏమవుతుందో నార్వేకి తెలుసు. బెదిరించడం ఒక చేత్తో, భరోసా ఇవ్వడం ఇంకో చేత్తో, డెబ్బై ఏళ్లకి పైగా నడిపారు. ఫిన్‌లాండ్ పరిధిలోని ఆలాండ్ దీవుల్లో ఇప్పటికీ సైన్యం పెట్టకూడదు, 1921 ఒప్పందం అలాగే ఉంది, అది ఉంచాలా తీసెయ్యాలా అని అక్కడ వాదనలు నడుస్తున్నాయి కూడా.

మంచుదారిగారూ, అమెరికా లేకపోవడం గురించి. మొదట్లో అది లోటు అనుకునేవాళ్లు, ఇప్పుడు కొందరికి అదే ప్లస్ పాయింట్‌లా కనపడుతోంది. గ్రీన్‌లాండ్ మాక్కావాలి అని ట్రంప్ 2025లో మళ్లీ మొదలెట్టాక డెన్మార్క్‌కి ఎలా ఉంటుందో ఆలోచించండి, రక్షణకి ఎవరి మీద ఆధారపడ్డారో వాడే కాగితాలు అడుగుతున్నాడు. అమెరికా వచ్చేదాకా, లేదా రావాలా వద్దా అని తేల్చుకునేదాకా, మధ్యలో ఖాళీని నింపేది ఎవరు అన్నదానికి జెఫ్ ఒక జవాబు. పూర్తి జవాబు కాదు. యుద్ధమే వస్తే జెఫ్ ఒంటరిగా ఏం చెయ్యలేదు, బ్రిటన్ సైన్యం మీరన్నట్టు చిన్నదే. కానీ ఫిన్‌లాండ్ని మర్చిపోకండి, 56 లక్షల జనాభా ఉన్న దేశం యుద్ధమొస్తే 2,80,000 మందిని నిలబెట్టగలదు, రిజర్వులో ఇంకా చాలామంది. ఐస్‌లాండ్ తప్ప మిగతా నార్డిక్ దేశాలు నాలుగూ 2023 మార్చిలో తమ వైమానిక దళాలని ఒకటిగా నడుపుదాం అని కాగితం రాసుకున్నాయి, కలిపితే దాదాపు 250 ఫైటర్ జెట్లు. ఇవన్నీ కలిస్తే చిన్నబలం కాదు. నిజమైన కొరత ఎయిర్ డిఫెన్స్, శాటిలైట్ సమాచారం, పెద్ద రవాణా విమానాలు. అవి అమెరికా దగ్గరే ఎక్కువ, అక్కడ మీ అనుమానం వంద శాతం కరెక్ట్.

కొర్రమీను:

ఐస్‌లాండ్ గురించి ఎవరూ చెప్పట్లేదు కాబట్టి నేనొచ్చా, చేపల మీద ఆసక్తి వల్ల ఈ దేశం గురించి కాస్త తెలుసు నాకు.

సైన్యం లేదు నిజమే, ఉన్నది కోస్ట్ గార్డ్. ఫైటర్ విమానాలు లేవు, 2006లో అమెరికా వాళ్లు కెఫ్లావిక్ బేస్ ఖాళీ చేశాక 2008 నుంచి మిత్రదేశాలు వంతులవారీగా విమానాలు తెచ్చి గస్తీ కాస్తున్నాయి. బాల్టిక్ దేశాలకీ ఫైటర్లు లేవు లెండి, వాళ్లకి 2004 నుంచే ఈ వంతుల పద్ధతి. మరి ఐస్‌లాండ్ ఏం ఇస్తుంది అంటే తను కూర్చున్న చోటు. గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్, బ్రిటన్ మధ్య సముద్రపు సందుల గుండానే కోలా నుంచి బయల్దేరిన జలాంతర్గామి అట్లాంటిక్‌లోకి రావాలి. వీధి మొదట్లో ఇల్లున్నవాడికి కర్ర లేకపోయినా పర్లేదు, అరుగు మీద కూర్చుని ఎవరు వస్తున్నారో చెప్తే చాలు. జలాంతర్గాముల వేటకి పీ-8 విమానాలు దిగేది కూడా కెఫ్లావిక్‌లోనే.

ఇందులో నాకు నచ్చే జోక్ ఏంటంటే, 1958 నుంచి 1976 మధ్య మూడుసార్లు ఇదే ఐస్‌లాండ్ ఇదే బ్రిటన్‌తో కాడ్ చేపల కోసం సముద్రంలో కొట్లాడింది. సైన్యం లేని దేశం, చేతిలో ఉన్నదల్లా కోస్ట్ గార్డ్ పడవలు, బ్రిటన్ చేపల ఓడల వలలు కత్తిరించుకుంటూ పోయేవి, బ్రిటన్ ఫ్రిగేట్లు, అంటే యుద్ధనౌకలు, పంపినా భయపడలేదు. కెఫ్లావిక్ మూసేస్తాం, నాటో నుంచి వెళ్లిపోతాం అని బెదిరించి మూడుసార్లూ గెలిచింది. 200 నాటికల్ మైళ్ల హక్కు అలా తెచ్చుకుంది. ఇప్పుడు 2021లో అదే బ్రిటన్ నాయకత్వంలో జెఫ్‌లో చేరింది. చిన్నదేశం తన చోటు విలువ తెలుసుకుంటే ఎలా బేరం ఆడుతుందో చూడండి.

ఎదురుగాలి:

కొర్రమీనుగారూ కాడ్ యుద్ధాల ముక్క అదిరింది. గోపిగారూ నార్వే పాయింట్ ఒప్పుకుంటున్నా, నేనడిగేది కూడా అదే, అలాంటి అదుపు ఇప్పుడు ఎవరిలో మిగిలింది అని. 2025 సెప్టెంబర్ 19న మూడు మిగ్-31లు ఎస్టోనియా గగనతలంలో 12 నిమిషాలున్నాయి, కూల్చెయ్యాలి అని ఎంతమంది అరిచారో చూశాం. ఇటలీ ఎఫ్-35లు వెళ్లి బయటికి సాగనంపాయి, కాల్చలేదు. ఆ పైలట్లకి దండం పెట్టాలి.

ఇనపపట్టా:

ఆ ఒక్క విషయంలో మీతో ఏకీభవిస్తా ఎదురుగాలిగారూ. కాల్చకుండా సాగనంపడానికీ ముందు విమానం అక్కడ ఉండాలి కదా మరి, అది ఎస్టోనియాలోని అమారీ ఎయిర్‌బేస్‌లో ఉంది కాబట్టే వెళ్లింది. ఇటలీ నుంచి బయల్దేరితే ఆ పన్నెండు నిమిషాలు ఎప్పుడో అయిపోయేవి.

మంచుదారి:

సరే ఇప్పుడు మ్యాప్ తెరిస్తే కొంచెం అర్థమవుతోంది. చలికోటుగారూ ఒక్క పర్సనల్ ప్రశ్న, అక్కడ ఉండేవాళ్లకి రోజువారీగా భయంగా ఉంటుందా? స్వీడన్‌లో యుద్ధమొస్తే ఏం చెయ్యాలో ఇంటింటికీ పుస్తకం పంచారని చదివా.

హెల్సింకీ చలికోటు:

అవును, 2024 నవంబర్లో స్వీడన్ వాళ్లు ఇంటింటికీ పంచారు. 2018లోనూ పంచారు, మొదటిసారి 1943లో అట. ఇక్కడ ఫిన్‌లాండ్‌లో అయితే మూడు రోజులకి సరిపడా నీళ్లు, తిండి, బ్యాటరీ రేడియో ఇంట్లో పెట్టుకోండి అని చాలా ఏళ్లుగా చెప్తూనే ఉన్నారు, కరెంటు పోయినా మంచు తుఫాను వచ్చినా పనికొస్తుంది కాబట్టి ఎవరూ దాన్ని యుద్ధం అనుకోరు. దేశం మొత్తం మీద 50 వేలకి పైగా షెల్టర్లున్నాయి, 48 లక్షల మందికి సరిపోతాయట. భయం అనను, అలవాటు అంటా. మా అపార్ట్‌మెంట్ కింద కూడా ఒకటుంది, ఇంత మందాన ఇనప తలుపు. ప్రస్తుతం అందులో అందరి పాత స్కీలు, పిల్లల బండ్లు, నావి రెండు సూట్‌కేసులు ఉన్నాయి. ఆర్డర్ వస్తే 72 గంటల్లో ఖాళీ చేసి షెల్టర్‌గా మార్చాలని రూల్. మీ మెసేజ్ చూశాక గుర్తొచ్చింది, ఆ సూట్‌కేసుల తాళాలు ఎక్కడ పెట్టానో వెతకాలి.